విదేశ విద్యార్థి తొలిదినములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



ఒకప్పుడు సముద్రము దాటి చదువబోవుట ఏ కొద్దిమందికో లభించు భాగ్యముగా నుండెను. నేడు పల్లెటూళ్లనుండి సైతము యువతీయువకులు అమెరికాకు, ఇంగ్లండునకు, ఆస్ట్రేలియాకు, కెనడాకు, జర్మనీకి ఉన్నతవిద్యకై వెడలుచున్నారు. ప్రయాణమునకు ముందు ఇంటిలో జరుగు చర్చయంతయు ప్రవేశపత్రమును గూర్చి, వీసాను గూర్చి, బ్యాంకు ఋణమును గూర్చి, విమానపు టిక్కెట్టును గూర్చి. అచట దిగిన పిమ్మట మొదటి నెలదినములు ఎట్లు గడపవలయునో చెప్పువారు అరుదు. చేను కుదువబెట్టి పంపిన తండ్రికిని, ఆ భారమును తలపై నెత్తుకొని పోయిన బిడ్డకును నిజమైన పరీక్ష ఆ నెలదినములే.

సేద్యము తెలిసినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నారు ఎంత బలమైనదైనను, మడినుండి తీసి పొలములో నాటిన తొలిదినములలో పసుపెక్కి తలవాల్చును. అది నారు దోషము కాదు, పొలము దోషమును కాదు. వేరు పట్టువరకు ఓర్పు వలయును. నీరు చాలినంత నిలుపవలయును. మహాపురుషులని లోకము కొనియాడువారును ఈ తలవాల్చుటను తప్పించుకొనలేదు. వారి తొలిదినములను తెలిసికొనుట నేటి విద్యార్థికి ధైర్యము నిచ్చును.

మోహనదాస్ గాంధీ 1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో ఓడ ఎక్కెను. అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. మద్యమాంసములను, పరస్త్రీలను ముట్టనని తల్లి యెదుట ప్రతిజ్ఞ చేసి యుండెను. కులపెద్దలు ఆతనిని వెలివేసి, సాగనంప వచ్చినవారికి రూపాయి నాలుగణాల జరిమానా అని శాసించిరి. ఓడలో ఇంగ్లీషున మాటాడుటకు సిగ్గు. కత్తి, ముల్లు పట్టుట తెలియదు. ఏ పదార్థమున మాంసమున్నదో అడుగుటకు ధైర్యము లేదు. అందుచే భోజనపు బల్లకడకు పోక, ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలతోను, పండ్లతోను కడుపు నింపుకొనెను.

రేవున దిగునపుడు తెల్లని ఫ్లానెల్ దుస్తులు ధరించెను. సెప్టెంబరు నెలాఖరున ఆ దేశములో తెల్లబట్టలు కట్టినవాడు ఆతడొక్కడే. పెట్టెలును, తాళపుచెవులును సామానుల ఏజెంటు వశమున నుండెను. మరునాడు ఆదివారమగుటచే అవి చేతికి రాలేదు. చూడవచ్చిన డాక్టరు మెహతాగారి పట్టుటోపీని చనువుగా చేతితో నిమురగా, దాని నూగు చెదరెను. ఆ పెద్దమనిషి చిరునవ్వుతో తొలిపాఠము చెప్పెను: పరుల వస్తువులను ముట్టరాదు, తొలి పరిచయముననే సొంత సంగతులు ప్రశ్నింపరాదు, బిగ్గరగా మాటాడరాదు. విక్టోరియా హోటలులో ఆకలి తీరకున్నను మూడు పౌనుల లెక్క చెల్లింపవలసివచ్చెను.

అంతకంటె పెద్ద బాధ రాత్రులయందు. తల్లి ప్రేమ తలపునకు వచ్చి, కన్నీరు కారుచుండ నిద్రపట్టక గడపెను. బసయందు ఉదయము ఓట్లజావతో ఆకలి తీరినను, మధ్యాహ్నమును, రాత్రియు రొట్టెముక్కలే గతి. రెండుమూడు ముక్కలకు మించి అడుగుటకు మొగమాటము. తుదకు రోజునకు పది పండ్రెండు మైళ్లు నడచి వెదుకుచు ఫారింగ్‌డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాలను కనుగొనెను. ఇంగ్లండున అడుగిడిన పిమ్మట తృప్తిగా భుజించిన తొలిభోజనము అదియే. ఆ భోజనశాలలోనే ఒక షిల్లింగు వెలయిచ్చి శాకాహారమును సమర్థించు సాల్ట్ గ్రంథమును కొనెను. కడుపునకు అన్నమును, బుద్ధికి పుస్తకమును ఒక్క గడపలోనే లభించెను.

తరువాత కొంతకాలము దొరవలె కనబడవలెనను మోజు ఆతనిని పట్టెను. పందొమ్మిది షిల్లింగుల టోపీ, పది పౌనుల విందుదుస్తులు, నృత్యపాఠములు, ఫిడేలు పాఠములు. ఇంచుమించు మూడు మాసములలో మోజు దిగెను. అటుపిమ్మట ప్రతి పైసకును లెక్క వ్రాసికొని, గది మార్చి, బండి కూలి మాని కాలినడకన తిరిగి, స్వయముగా వంట చేసికొని వ్యయమును సగమునకు తగ్గించెను. ఈ లెక్క వ్రాయు అలవాటు ఆయనను జీవితాంతము విడువలేదు.

1914 మార్చి 17వ తేదీన మద్రాసునుండి బయలుదేరిన గణితశాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ కథ వేరొక పాఠము చెప్పును. ఆయనకు ఆదరించువారు లేకపోలేదు. నెవిల్ అను పండితుడు స్వయముగా ఎదురేగి తన ఇంట నుంచుకొనెను. హార్డీ వంటి మహాగణితజ్ఞుడు గురుస్థానమున నిలిచెను. అయినను ఒకనాడు మిత్రుడు మహలనోబిస్ గదికి పోయి చూడగా, రామానుజన్ రాత్రులు చలికి తాళలేక పైకోటు తొడిగి శాలువ కప్పుకొని పడుకొనుచున్నట్లు తెలిసెను. మంచముపై కంబళ్లు లేవా యనిన, ఉన్నవి. అవి పరుపుక్రిందికి మడచి, పైన దుప్పటి పరచి యుండుటచే, వానిని తీసి వాని లోపల దూరి పడుకొనవలెనని ఆయనకు తెలియదు. మిత్రుడు చూపిన పిమ్మట ఆ బాధ తీరెను.

అనంతమును గూర్చి లోకము కనివిని యెరుగని సూత్రములు వ్రాసిన మేధకు, ఆ దేశపు మంచముమీద పడుకొను విధము తెలియలేదు. ఇందు నవ్వవలసినది ఏమియు లేదు. తెలియనిదానిని తెలియదని చెప్పకుండుటవలన మనుష్యుడు కంబళి చెంతనుండియు చలికి వణకునని గ్రహింపవలయును. ఆ యేడే మహాయుద్ధము మొదలయ్యెను. శాకాహారము దొరకుట కష్టమయ్యెను. 1917లో ఆయన తీవ్రముగా జబ్బుపడెను. 1919లో స్వదేశము చేరి, 1920 ఏప్రిల్ 26న ముప్పదిమూడవయేట కన్నుమూసెను. వ్యాధికి మూలమిది యని ఒక్కమాటలో తేల్చుట తగదు. కాని దేహమును కాపాడుకొనుట చదువులో భాగమే యని ఈ కథ బోధించుచున్నది.

పరదేశవాసము కొందరికి బాధ, కొందరికి విముక్తి. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడు ఒసగిన విద్యార్థివేతనముతో డాక్టరు అంబేద్కరు 1913లో న్యూయార్కు చేరి కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. వసతిగృహమున నావల్ భతేనా యను పార్సీ యువకుని స్నేహము లభించెను. అది జీవితాంతము నిలిచెను. అమెరికా, ఐరోపాలలో గడపిన ఐదేండ్లు, తాను అంటరానివాడనను తలపునే మరపించినవని ఆయన తరువాత వ్రాసికొనెను. 1917లో బరోడాకు ఉద్యోగమునకై తిరిగివచ్చినపుడు మాత్రము తలదాచుకొన ఇల్లు దొరకలేదు. కులము దాచి పార్సీల సత్రమున దిగగా, కొలది దినములకే కొందరు కర్రలతో వచ్చి వెళ్లగొట్టిరి. పరాయిదేశమున సుఖముగా నిద్రించినవానికి సొంతదేశమున చోటు లేకపోయెను. ఈ సంగతి విద్యార్థులకంటె ఊరివారు ఎక్కువగా తలపోయవలసినది.

భీమవరమున 1895లో జన్మించిన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో బోస్టను చేరి హార్వర్డులో ఉష్ణమండల వైద్యవిద్య నభ్యసించిరి. వైద్యపట్టము చేతనున్నను అచట వైద్యుడుగా కొలువు లభింపలేదు. పొట్టకూటికై ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలను శుభ్రము చేయు పని చేసిరి, పగలు చదివిరి. ఆ చేతులతోనే ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గూర్చిన పరిశోధనలను ప్రకటించిరి. కండరములకు శక్తి ఎట్లు లభించునో తెలియుటకు ఇవి మూలములు. ఫోలిక్ ఆమ్లమునకు, బోదకాలు వ్యాధి మందునకు, ఆరియోమైసిన్‌కు ఆయన నడపిన పరిశోధనలే దారి తీసినవి. ఆయన మరల స్వదేశమునకు రాలేదు. 1948 ఆగస్టులో అమెరికాలోనే గతించిరి.

ఈ నాలుగు జీవితములనుండి నేటి విద్యార్థి గ్రహింపదగినవి కలవు. అడుగుటకు సిగ్గుపడరాదు. బస్సు ఎక్కుట, పొయ్యి వెలిగించుట, గది వెచ్చజేయు యంత్రమును త్రిప్పుట, ఏది తెలియకున్నను మొదటిదినముననే అడుగవలయును. విశ్వవిద్యాలయములయందు విదేశీ విద్యార్థుల సహాయమునకై కార్యాలయములుండును. మనోవేదనకు సైతము సలహాదారులుందురు. వారికడకు పోవుట అవమానము కాదు.

అమెరికాలో వాహనములు కుడివైపున నడచును. రోడ్డు దాటువాడు ఇచటి అలవాటున మొదట కుడివైపు చూచినచో, ఎడమవైపునుండి వచ్చు బండి కనబడదు. ఇంగ్లండున, ఆస్ట్రేలియాలో ఇచటివలె ఎడమవైపు నడక. ఆపద వచ్చినచో అమెరికాలో 911, ఇంగ్లండున 999, ఆస్ట్రేలియాలో 000 అను నంబర్లకు ఫోను చేయవలయును. లండనులో డిసెంబరు మాసమున నాలుగు గంటలకు మునుపే ప్రొద్దు గ్రుంకును. ఆ చీకటివలన మనస్సు క్రుంగుట సహజము. పగటివెలుగున కొంతసేపు నడచుట మేలు.

శ్రమకు వెనుదీయరాదు, కాని శ్రమకును చట్టపు హద్దు కలదు. అమెరికాలో విద్యార్థి వీసాపై నున్నవారు తరగతులు జరుగు కాలమున విశ్వవిద్యాలయ ఆవరణలో వారమునకు 20 గంటలకు మించి పని చేయరాదు. అనుమతిలేక బయట పని చేసినచో చదువే పోవచ్చును. అప్పు త్వరగా తీర్పవలెనను తొందరలో ఆ హద్దు దాటినవాడు అప్పును, చదువును రెంటిని చెరుపుకొనును. గదిని చూడక, ఇచ్చువారిని విచారింపక ముందుగా డబ్బు పంపరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. న్యూయార్కు గడియారము ఇచటి గడియారముకంటె చలికాలమున పదిన్నర గంటలు వెనుక నడచును. ఇచటి తెల్లవారుజాము అచటి సాయంకాలము. ఫోను తీయలేదని కలవరపడరాదు. తీసినపుడు మార్కులను, జీతమును గూర్చి కాక, తిన్నావా, నిద్రపోయితివా యని మొదట అడుగవలయును. బిడ్డ కష్టము చెప్పినచో, అప్పును జ్ఞాపకము చేసి నోరు మూయింపరాదు. ఇంట చెప్పుకొనలేని బాధ పరదేశమున రెట్టింపగును.

ఇట్టి పనిలో గ్రంథాలయము చేయగలిగినది చాల యున్నది. కుంభకోణములో రామానుజన్ చేతికి వచ్చి ఆయన జీవితమును మలచిన గణితగ్రంథము కళాశాల గ్రంథాలయమునుండి ఎరువు తెచ్చినదే. ఒక పటము, మహనీయుల ఆత్మకథలు, ఇంగ్లీషు పత్రికలు, వంటను నేర్పు పుస్తకము ఒక బీరువాలో నుంచిన చాలును. వీనితోపాటు ఒక తెల్లకాగితముల పుస్తకము నుంచవలయును. ఊరినుండి వెళ్లిన ప్రతి విద్యార్థియు తన మొదటి నెల అనుభవమును, చేసిన ఖర్చును, పడిన పొరపాటును సెలవులకు వచ్చినపుడు అందు వ్రాయవలయును. వెళ్లబోవువాడు దానిని చదివి బయలుదేరవలయును. ఒకరి చలి మరియొకరికి కంబళి యగునట్లు చేయుటకంటె గ్రంథాలయమునకు వేరు సార్థకత లేదు.