కేబుల్ లేని ఇంట్లో ప్లేఆఫ్ ఆట



ఈ వారం దేని గురించి మాట్లాడతారని కార్యక్రమం నడిపే మిత్రులు అడిగితే, "కేబుల్ కనెక్షన్ లేకుండా సాకర్ ప్లేఆఫ్‌లు చూడడం ఎలా" అన్నాను. ఆయన నవ్వి, "క్రికెట్ అంటే వింటారు గానీ సాకర్ గురించి మనవాళ్ళు ఎవరు వింటారండీ?" అన్నారు. దానికి నా సమాధానం ఒక్కటే. శనివారం పొద్దున్నే ఏ పార్కుకైనా వెళ్ళి చూడండి. మోకాళ్ళ దాకా మేజోళ్ళు వేసుకుని బంతి వెనకాల పరుగెత్తే వాళ్ళలో మన పిల్లలు ఎంతమందో తెలుస్తుంది. పక్కన మడత కుర్చీల్లో ఫ్లాస్కు కాఫీతో కూర్చున్న అమ్మానాన్నల మాటల్లో తెలుగు ఎంత వినిపిస్తుందో కూడా తెలుస్తుంది. మనకి క్రికెట్ ఎలాగో ఈ పిల్లలకి సాకర్ అలాగ. కాబట్టి ఇది మన ఇంటి విషయమే.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఆ తర్వాత దారులు చెబుతాను.

మేముండేది ఒహాయోలోని కొలంబస్‌లో. ఇక్కడి జట్టు పేరు కొలంబస్ క్రూ. 1996లో మేజర్ లీగ్ సాకర్ మొదలైనప్పుడున్న పది జట్లలో ఇదొకటి. మాకు వంద మైళ్ళ దూరంలో సిన్సినాటి ఉంది, వాళ్ళకీ ఒక జట్టుంది. ఈ రెండూళ్ళ మధ్య హైవే పక్కన "నరకం ఉన్నది నిజం" అని రాసి ఉన్న పెద్ద బోర్డు ఒకటి కనిపిస్తుంది. ఈ రెండు జట్ల పోటీకి అభిమానులు ఆ బోర్డు పేరే పెట్టేశారు. పంతం ఏ స్థాయిలో ఉంటుందో ఊహించుకోండి.

2023 డిసెంబరు 2, శనివారం. ఆ రెండు జట్లకే కాన్ఫరెన్స్ ఫైనల్ పడింది. గెలిచినవాళ్ళు కప్పు ఫైనల్‌కి, ఓడినవాళ్ళు ఇంటికి. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. మధ్యాహ్నం నుంచే పసుపు చొక్కా వేసుకుని సోఫాలో కూర్చుంది. మేము కేబుల్ తీసేయించి అప్పటికి రెండేళ్ళయింది. ఆట చూడాలంటే ఆ రోజు డబ్బు కట్టి నెల చందా తీసుకుంటే సరిపోయేది. నేనేం చేశాను? మిత్రుడొకరు ఇచ్చిన "పెట్టె" ఉంది కదా అనుకున్నాను.

ఏ పెట్టో మీకు తెలుసు. మనలో చాలామంది ఇళ్ళలో టీవీ వెనకాల ఉంటుంది. ఏడాదికి ఇంత అని ఎవరికో కడితే తెలుగు ఛానెళ్ళు, క్రికెట్, కొత్త సినిమాలు అన్నీ వస్తాయి. ఎవరికి కడుతున్నామో తెలియదు. ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. నేను కంప్యూటర్ల మీద బతికేవాణ్ణి. ఆఫీసులో అందరికీ జాగ్రత్తలు చెప్పేవాణ్ణి. నా ఇంట్లో మాత్రం ఆ పెట్టె.

ఆట సగం అయ్యేసరికి సిన్సినాటి రెండు గోల్స్ ముందుంది. మనవాళ్ళకి సున్నా. రెండో సగంలో బొమ్మ నిలిచిపోయింది. గుండ్రంగా తిరుగుతూనే ఉంది. పెట్టె ఆపాను, వేశాను. ఇంకో లింకు, ఇంకో లింకు. ఏదీ రాలేదు. అమ్మాయి నా వంక చూస్తోంది. నాకు చిరాకు పుట్టి, "ఇంక అయిపోయిందిలే అమ్మా, రెండు గోల్స్ తేడా అంటే ఎక్కడొస్తుంది" అని టీవీ కట్టేశాను. అది చొక్కా మార్చుకోకుండానే పడుకుంది.

మర్నాడు ఆదివారం తెలుగు తరగతి. అక్కడ ఇంకో పిల్లవాడు చెప్పాడు. చివరి పావుగంటలో మనవాళ్ళు రెండు గోల్స్ వేసి సమం చేశారట. అదనపు సమయంలో, 115వ నిమిషంలో మూడోది వేసి 3-2తో గెలిచారట. కొలంబస్ జట్టు చరిత్రలో ఎన్నాళ్ళయినా చెప్పుకునే ఆట అది. కారెక్కాక మా అమ్మాయి ఏడవలేదు, కోప్పడలేదు. "నాన్నా, నువ్వు అయిపోయిందన్నావు" అంది. అంతే.

ఆ నెలలోనే నా క్రెడిట్ కార్డు మీద నేను కొనని వస్తువులకి బిల్లు వచ్చింది. పెట్టెకి డబ్బు కట్టింది ఆ కార్డుతోనే. రెంటికీ సంబంధం ఉందని రుజువు చూపించలేను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కార్డు రద్దు చేయించి, పెట్టె తీసి పక్కన పడేశాను. ఇలాంటి సేవలు నడిపేవాళ్ళకి కఠిన శిక్షలు పడేలా అమెరికా కాంగ్రెస్ 2020 డిసెంబరులోనే చట్టం చేసింది. దాని గురి నడిపేవాళ్ళ మీదే గానీ ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళ మీద కాదు. అయినా వాళ్ళని ఒక రోజు పట్టుకుంటే మన పెట్టె ఆ రోజే మూగబోతుంది. సాధారణంగా అది ఆట మధ్యలోనే అవుతుంది.

సరే, ఇప్పుడు దారులు.

మొదటి దారి ఆపిల్. ఈ లీగ్ ఆటలన్నిటినీ పదేళ్ళపాటు చూపించడానికి ఆపిల్ 2022లో ఒప్పందం చేసుకుంది. 2023 నుంచి ప్రసారాలు మొదలయ్యాయి. అంతకుముందు మన ఊరి జట్టు ఆటే మన ఊళ్ళో కనిపించకుండా ఆపే ఏర్పాట్లుండేవి. అవి పోయాయి. మొదటి మూడేళ్ళూ సీజన్ పాస్ అని విడిగా కొనాల్సి వచ్చేది, నెలకి 15 డాలర్లు. 2026 సీజన్ నుంచి ఆ విడి పాస్ తీసేసి, మామూలు ఆపిల్ టీవీ చందాలోనే ఆటలన్నీ కలిపేశారు. ఆ చందా ధర 2025 ఆగస్టులో నెలకి 12.99 డాలర్లయింది. ఆపిల్ ఫోను లేకపోయినా ఫరవాలేదు. రోకు, ఫైర్ టీవీ, చాలా రకాల స్మార్ట్ టీవీలలో ఆ యాప్ ఉంది. 2025 ఫిబ్రవరి నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా వస్తోంది. ఒప్పందం అమెరికాకే కాదు, వందకి పైగా దేశాలకి వర్తిస్తుంది. గల్ఫ్‌లో, లండన్‌లో ఉన్న మన శ్రోతలు కూడా ధరలు వేరైనా ఇదే దారిలో చూడొచ్చు.

ఇక్కడ ఒక కిటుకు. ప్లేఆఫ్‌లు 2023 నుంచి 2025 దాకా అక్టోబరు నెలాఖరులో మొదలయ్యాయి, ఫైనల్ డిసెంబరు మొదటి వారాల్లో జరిగింది. అంటే రెండు నెలల చందా చాలు. మొదటి రోజునే చందా కట్టి, వెంటనే రద్దు బొత్తం కూడా నొక్కేయండి. కట్టిన నెల పూర్తయ్యేదాకా ఆటలు వస్తూనే ఉంటాయి. ఉచితంగా చూడమని ఇచ్చే మొదటి వారం మాత్రం అలా కాదు, రద్దు చేస్తే అప్పుడే ఆగిపోవచ్చు, చూసుకోండి. ఇంకో సంగతి. 2027 జూలై నుంచి లీగ్ తన క్యాలెండర్ మారుస్తోంది. యూరప్ లాగా జూలైలో మొదలై మే నెలలో ముగుస్తుంది. అప్పుడు ప్లేఆఫ్‌లు వసంతంలో వస్తాయి. మీ నెలల లెక్క అప్పుడు మార్చుకోండి.

రెండో దారి యాంటెన్నా. మీరు నవ్వుతారని తెలుసు. దూరదర్శన్ రోజుల్లో డాబా మీద ఒకరు కడ్డీ తిప్పుతుంటే, కింద నుంచి ఇంకొకరు "వచ్చింది వచ్చింది, అయ్యో పోయింది" అని అరవడం మనందరికీ గుర్తే. ఇప్పటిది అది కాదు. అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12కల్లా డిజిటల్‌కి మారిపోయాయి. వస్తే స్పష్టంగా వస్తుంది, లేకపోతే అసలు రాదు. ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ, ఏబీసీ, పీబీఎస్ గాలిలో ఉచితంగా వస్తాయి. గోడకి అంటించే పల్చటి యాంటెన్నా నేను 30 డాలర్ల లోపు కొన్నాను. ఎఫ్.సి.సి. వారి వెబ్‌సైటులో మీ చిరునామా ఇస్తే ఏ స్టేషన్ టవర్ ఏ దిక్కున ఉందో చూపిస్తుంది. ఆ దిక్కున ఉన్న కిటికీకి అంటించి, టీవీ సెట్టింగుల్లో ఛానెల్ స్కాన్ చేయడమే పని. అన్ని ఆటలూ ఇందులో రావు. కానీ 2023, 2024, 2025 కప్పు ఫైనల్స్ మూడూ ఫాక్స్‌లో వచ్చాయి. ఆడపిల్లలున్న ఇళ్ళకి ఇంకో మాట. మహిళల లీగ్ ఫైనల్ 2024లో సీబీఎస్‌లో రాత్రి ముఖ్య సమయంలోనే వేశారు. ఓర్లాండో 1-0తో వాషింగ్టన్ మీద గెలిచిన ఆ ఆట మా అమ్మాయి యాంటెన్నా మీదే చూసింది. పైసా ఖర్చు లేదు.

మూడో దారి యూట్యూబ్ టీవీ లాంటివి. కేబుల్ ఛానెళ్ళనే ఇంటర్నెట్ మీద పంపిస్తారు. 2017లో మొదలైనప్పుడు నెలకి 35 డాలర్లుండేది. 2025 జనవరిలో 82.99 అయింది. ఇది పేరు మార్చుకున్న కేబులే. ఇంట్లో అందరూ రకరకాల ఆటలు చూసేవాళ్ళయితే ఒక నెలకి తీసుకోండి. ఒక్క సాకర్ కోసమైతే అనవసరం.

ఇక నా వృత్తికి సంబంధించిన నాలుగు ముక్కలు. ఇంటర్నెట్‌లో వచ్చే ప్రత్యక్ష ప్రసారం నిజానికి కొంచెం పాతది. బొమ్మని సుమారు ఆరేసి సెకన్ల ముక్కలుగా కోసి పంపిస్తారు. మీ టీవీ ఆగకుండా నడవడానికి రెండు మూడు ముక్కలు ముందే దాచుకుని మొదలుపెడుతుంది. అందువల్ల మైదానం కన్నా అర నిమిషం దాకా వెనకబడొచ్చు. యాంటెన్నా మీద ఆ ఆలస్యం కొన్ని సెకన్లే. కాబట్టి పెనాల్టీల సమయంలో వాట్సాప్ గుంపు గంట మోగకుండా ఆపేయండి. పక్కింటివాళ్ళు మీకన్నా ముందు అరిస్తే కంగారుపడకండి. స్పష్టమైన బొమ్మకి 5 నుంచి 10 ఎంబీపీఎస్ వేగం చాలు. ఆగిపోవడానికి కారణం చాలాసార్లు వేగం కాదు, వైఫై. వీలైతే రౌటర్ నుంచి టీవీకి తీగ కలపండి. అన్నిటికన్నా ముఖ్యం, లాగిన్‌లూ పాస్‌వర్డులూ ఆటకి ముందురోజే సరిచూసుకోండి. పాస్‌వర్డు మర్చిపోయామని గుర్తొచ్చేది సరిగ్గా ఆట మొదలయ్యే వేళకే.

మొత్తం లెక్క వేద్దాం. యాంటెన్నాకి ఒకసారి 30 డాలర్లు, రెండు నెలల చందా 26. పన్నులు వేసుకున్నా కేబుల్ ఒక నెల బిల్లు కన్నా తక్కువే. ఇంత చిన్న మొత్తం మిగిల్చుకుందామని ఆ రోజు నేను పెట్టె ముందు కూర్చున్నాను.

2023 డిసెంబరు 9న ఫైనల్ మా ఊళ్ళోనే, లాస్ ఏంజెలిస్ జట్టుతో. టిక్కెట్లు మాకు అందే ధరలో లేవు. యాంటెన్నా వంటగది కిటికీకి అంటించాను. మా ఆవిడ ఉప్మా కలుపుతూ, "ఏమండీ, ఈసారైనా చివరిదాకా వస్తుందా?" అంది. వచ్చింది. మొదటి సగంలోనే మనవాళ్ళు నాలుగైదు నిమిషాల తేడాలో రెండు గోల్స్ వేశారు. 74వ నిమిషంలో అవతలివాళ్ళు ఒకటి కొట్టారు. నాకు గాభరా పుట్టి లేవబోయాను. మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని లాగింది.

"కూర్చో నాన్నా, ఇంకా అయిపోలేదు."

కూర్చున్నాను. 2-1తో గెలిచాం. చివరి ఈల దాకా కలిసి చూశాం.

మీ ఇంట్లో కూడా పసుపో, ఎరుపో, నీలమో చొక్కా వేసుకున్న పిల్లలుంటే, ఈసారి ప్లేఆఫ్‌లకి వారం ముందే ఈ పని చూసుకోండి.