అనూరుని సారథ్యము
(రథసప్తమి నాటి ప్రసంగపాఠము)



నేడు సూర్యనారాయణమూర్తికి అర్ఘ్యమిచ్చితిమి. ఆయన రథమును నడుపు అరుణుని మాత్రము అంతగా తలచుకొనము. తొడలు లేనివాడు గనుక ఆయనకు అనూరుడని పేరు.

ఆదిపర్వములోని కథ మీరు విన్నదే. కద్రువకు వేయిమంది నాగకుమారులు ముందుగా పుట్టగా, వినత ఓర్వలేక తన రెండు అండములలో ఒకదానిని చిదిపినది. పై సగము మాత్రమే రూపుదిద్దుకొన్న బిడ్డ వెలికి వచ్చినాడు. ఇక్కడ ఒక్క క్షణము నిలువవలెను. ఆ బిడ్డకు కాళ్ళు లేకపోవుటకు తల్లి తొందరపాటే కారణమని కథ చెప్పుచున్నది. బిడ్డ పూర్వజన్మ పాపమని అనలేదు.

ఈ కథ తెలిసియుండియు, కొన్నేండ్ల క్రిందట నేనే ఒక సభలో అంగవైకల్యము పూర్వకర్మ ఫలమని ధారాళముగా చెప్పితిని. సభ ముగిసిన పిదప, నడవలేని బిడ్డను చంకనెత్తుకొన్న ఒక తల్లి వచ్చి, "అయ్యా, మా వాడు నడవలేడని డాక్టర్లు చెప్పారు. పాపాత్ముడని మీరు చెప్పారు. డాక్టర్ల మాటే నయమండి" అన్నది. నాకు బదులు దొరకలేదు. కర్మసిద్ధాంతము నా నడతను నేను దిద్దుకొనుటకే గాని, ఎదుటివాని దేహముపై తీర్పు చెప్పుటకు కాదని ఆనాడు తెలిసినది.

అనూరునికి దక్కినది జాలి కాదు, సారథ్యము. పగ్గములు పట్టుటకు చేతులు, చూపు, మెలకువ కావలెను, కాళ్ళతో పనిలేదు. అరసవల్లిలో స్వామితోపాటు రథసారథియైన ఆయనకును నమస్కరించుచున్నాము గదా!

మన దేశమున 1995 నాటి చట్టము 7 విధములైన వైకల్యములను గుర్తించగా, 2016 నాటి హక్కుల చట్టము 21 విధములను గుర్తించినది. ప్రభుత్వోద్యోగములలో 4 శాతమునకు తగ్గకుండ కేటాయింపు ఉండవలెనన్నది; ప్రజలు వచ్చిపోవు భవనములలో వీరికి ఆటంకము ఉండరాదన్నది. వికలాంగులను ఇప్పుడు దివ్యాంగులని పిలుచుచున్నారు. మంచిదే. పేరు మారినంత వేగముగా గుడిమెట్లు మారలేదు.

"ఎత్తుకొని తీసుకుపోతాం లెండి" అనువారున్నారు. వారి మనస్సు మంచిదే. కాని పదిమంది చూచుచుండగా మూటవలె పోయి చేసికొను దర్శనము ఎట్లుండునో మోయించుకొన్నవారినే అడుగవలెను.

మన ఆలయమున ధ్వజస్తంభమునకు ముందు ఐదు మెట్లున్నవి. దక్షిణపు ప్రక్కన వాలుబాటకు చోటున్నది. చక్రాల కుర్చీలో వచ్చు భక్తులనే పిలిచి, వాలు ఎంత ఉండవలెనో వారినే అడిగి, వచ్చే రథసప్తమి లోపల పని పూర్తిచేయింపుడని ధర్మకర్తలకు మనవి చేసితిని.