పొలం మూలలు – కంప్యూటరు లెక్కలు
(చోడవరం పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కంప్యూటేషనల్ జామెట్రీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పేరు చూసి భయపడనక్కరలేదు. బిందువులు, గీతలు, ఆకారాల లెక్కలను కంప్యూటరు చేత త్వరగా చేయించే పద్ధతులను వెదికే శాస్త్రమిది. 1978లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ షామోస్ రాసిన పరిశోధన గ్రంథంతో దీనికొక రూపం వచ్చింది. లెక్కలేనన్ని బిందువులున్నప్పుడు ప్రతి జతనూ కొలవకుండానే దగ్గరివేవో తేల్చే మార్గాన్ని, పాల్ కాలహాన్‌తో కలిసి 1995లో ప్రచురించినది మన తెలుగువారైన కొసరాజు సాంబశివరావుగారు.

మా కాలంలో గొలుసు, క్రాస్ స్టాఫ్ పట్టుకుని చెరకు తోటల్లో తిరిగేవాళ్ళం. పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి, ఆఫ్‌సెట్లు కొలిచి విస్తీర్ణం కట్టేవాళ్ళం. కంప్యూటరుకు మూలలు చాలు. ఒక్కొక్క మూలకు రెండంకెలు: తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత. పక్కపక్క మూలలు రెండేసి తీసుకుని, మొదటిదాని తూర్పును రెండోదాని ఉత్తరంతో గుణించి, అందులోంచి రెండోదాని తూర్పును మొదటిదాని ఉత్తరంతో గుణించగా వచ్చినది తీసెయ్యాలి. అలా గట్టు చుట్టూ తిరిగి కలిపిన మొత్తంలో సగమే విస్తీర్ణం.

గొలుసుల్లో నాలుగు మూలలు చూడండి: (0, 0), (4, 0), (5, 3), (0, 2). మొత్తం 22, సగం 11 చదరపు గొలుసులు. పది చదరపు గొలుసులు ఎకరం గనుక, 1 ఎకరం 10 సెంట్లు. ఇప్పుడు మూడో మూల రాయి 20 లింకులు పడమటికి జరిగిందనుకోండి. 5 కాస్తా 4.8 అయి, విస్తీర్ణం 1 ఎకరం 8 సెంట్లకు వస్తుంది. రెండుసార్లూ కంప్యూటరు లెక్క తప్పలేదు. పోయినవి మాత్రం మన రెండు సెంట్లు!

2020 డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లా తక్కెళ్ళపాడులో ప్రారంభమైన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు వాడారు. కొలత ఎంత సూక్ష్మమైనా, రాయి ఎక్కడుండాలో యంత్రం చెప్పదు. అది తెలిసినవారు గట్టు మీద నడిచిన మనమే.

కాబట్టి నా మనవి ఒక్కటే. కొలతకు వచ్చిన రోజున పట్నంలో ఉన్న పిల్లల్ని పిలిపించండి. ప్రతి మూలా చూపించండి. పటంలోని మూలలతో సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి. మన తరువాత ఆ రాయి సంగతి చెప్పేవారుండరు.