చిన్న ఊరు, పెద్ద కప్పు, ఎవరిదో డబ్బు: యూరోలీగ్ విమెన్ 2022 కథ

 

ఈరోజు ఎపిసోడ్‌లో క్రికెట్ లేదు, ఐపీఎల్ లేదు. బాస్కెట్‌బాల్ ఉంది. అందులోనూ అమ్మాయిల బాస్కెట్‌బాల్. అందులోనూ యూరప్‌లో జరిగే ఒక క్లబ్ టోర్నమెంట్. ఆగండి, అప్పుడే వీడియో మార్చేయకండి. ఈ కథలో ఒక గూఢచారి ఉన్నాడు, ఒక హత్య ఉంది, ఒక జైలు ఉంది, ఒక ట్రామ్ కంపెనీ ఉంది. వీటన్నిటి చివర, సుమారు 60 వేల జనాభా ఉన్న ఒక ఊరు మొత్తం యూరప్ కప్పునే ఎత్తుకెళ్లింది.

డేట్ గుర్తుపెట్టుకోండి. 2022 ఏప్రిల్ 10, ఇస్తాంబుల్. యూరోలీగ్ విమెన్ ఫైనల్. ఒకవైపు ఫెనర్‌బాచే, టర్కీలో పెద్ద పేరున్న క్లబ్, సొంత ఊరు, సొంత జనం. ఇంకోవైపు సోప్రాన్. హంగరీలో, ఆస్ట్రియా బోర్డర్ పక్కన ఉండే చిన్న ఊరు. స్కోరు 60–55. గెలిచింది సోప్రాన్. హంగరీ నుంచి ఈ కప్పు గెలిచిన మొదటి క్లబ్ అదే.

"అండర్‌డాగ్ గెలిచింది, సూపర్" అని వదిలేయొచ్చు. కానీ ఆ కప్పు అక్కడికి ఎలా వచ్చిందో తెలియాలంటే నేను ఇంకో ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఈ ఆటలో జీతం ఎవరిస్తారు?

ముందు టోర్నమెంట్ గురించి రెండు ముక్కలు. యూరప్ దేశాల క్లబ్బులన్నీ చలికాలం అంతా ఆడతాయి. అప్పట్లో చివరికి నాలుగు టీములు మిగిలేవి. వాటి సెమీస్, ఫైనల్ ఒకే ఊళ్లో, ఒకే వారాంతంలో. దాన్నే ఫైనల్ ఫోర్ అనేవాళ్లు. అమెరికాలో డబ్ల్యూఎన్‌బీఏ జరిగేది ఎండాకాలంలో. అంటే ఒకే ప్లేయర్ ఎండాకాలం అమెరికాలో, చలికాలం యూరప్‌లో ఆడొచ్చు. ఏళ్ల తరబడి టాప్ ప్లేయర్లు చేసింది అదే. మన ఐటీ వాళ్లు మూన్‌లైటింగ్ అంటారు చూడండి, అలాంటిది కాదు. ఇక్కడ దాపరికం లేదు, కానీ రెస్ట్ కూడా లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఈ టోర్నమెంట్ 1958–59 సీజన్‌లో మొదలైంది. మొదటి పాతికేళ్లలో దాదాపు ఒకే టీమ్ రాజ్యం. లాట్వియాలోని రీగా నగరం టీమ్. పేరు టీటీటీ రీగా. 1960 నుంచి 1982 మధ్య 18 సార్లు గెలిచారు. 1964 నుంచి 1975 దాకా వరసగా 12. ఆ టీమ్‌లో ఉల్యానా సెమ్యోనోవా అని ఏడడుగుల ప్లేయర్ ఉండేది. ఆమె చేతికి బంతి అందితే ఇంక ఎవరూ ఏమీ చేయలేకపోయేవాళ్లు.

ఇంతకీ టీటీటీ అంటే ఏంటో తెలుసా? ట్రామ్, ట్రాలీబస్ ట్రస్ట్. అంటే మన ఆర్టీసీ లాంటిది అనుకోండి! అప్పుడు లాట్వియా సోవియట్ యూనియన్‌లో భాగం. ఆటగాళ్లని పోషించేది ప్రభుత్వ వ్యవస్థ. మార్కెట్ లేదు, స్పాన్సర్ లేదు. సోవియట్ యూనియన్ పోయింది, ఆ రాజ్యమూ పోయింది.

తర్వాత వచ్చింది ఒక మనిషి డబ్బు. శబ్తాయ్ కల్మనోవిచ్. లిథువేనియాలో పుట్టాడు, ఇజ్రాయెల్ వెళ్లాడు. అక్కడ సోవియట్ గూఢచారి అని తేలి జైలుకెళ్లాడు. బయటికొచ్చి రష్యాలో పెద్ద వ్యాపారి అయ్యాడు. మాస్కో దగ్గర స్పార్టక్ అనే మహిళల టీమ్‌ని తీసుకుని డబ్బు గుమ్మరించాడు. అమెరికా నుంచి డయానా టౌరాసీ, స్యూ బర్డ్ లాంటి స్టార్లని తెచ్చాడు. ఉండటానికి ఇళ్లు, సకల సౌకర్యాలు. 2007, 2008, 2009 వరసగా మూడు కప్పులు. 2009 నవంబర్ 2న మాస్కోలో కారులో వెళ్తుంటే కాల్చి చంపేశారు. ప్లేయర్లు ఆ సీజన్ ఆపకుండా ఆడి 2010 కప్పు కూడా గెలిచారు. ఆ తర్వాత స్పార్టక్ ఆ కప్పు మళ్లీ గెలవలేదు. మనిషి పోయాడు, డబ్బు పోయింది.

మూడోది కంపెనీ డబ్బు. రష్యాలో ఉరల్ పర్వతాల దగ్గర ఎకటెరిన్‌బర్గ్ నగరం. అక్కడ రాగి తవ్వే ఒక పెద్ద మైనింగ్ కంపెనీ టీమ్. 2003 నుంచి 2021 వరకు ఆరు కప్పులు. ఇక్కడ ఒక్క లెక్క చెప్తాను, మిగతాది మీకే అర్థమవుతుంది. 2015లో టౌరాసీ అమెరికాలో సీజన్ మొత్తం ఆడలేదు. ఎందుకంటే, "నువ్వు అక్కడ ఆడకు, రెస్ట్ తీసుకో, ఆ డబ్బు మేమిస్తాం" అంది ఈ రష్యా క్లబ్. అప్పట్లో వార్తల్లో వచ్చిన దాని ప్రకారం, అమెరికాలో ఆమె జీతం సుమారు లక్షా 7 వేల డాలర్లు. రష్యాలో సుమారు 15 లక్షల డాలర్లు. పద్నాలుగు రెట్లు! ప్రపంచంలోనే టాప్ ప్లేయర్‌కి, సొంత దేశంలో ఆడకుండా ఉండటానికి బయటి క్లబ్ డబ్బు కట్టింది.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసిన రోజుల్లో మాకు ఒక మాట ఉండేది, సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. సిస్టమ్ మొత్తం ఒకే సర్వర్ మీద నడుస్తుంటే, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, ఆ సర్వర్ పడిపోయే వరకు. ఈ టోర్నమెంట్ కథ అదే. ఒకసారి ప్రభుత్వం, ఒకసారి ఒక మనిషి, ఒకసారి ఒక కంపెనీ. సర్వర్ మారింది, డిజైన్ మారలేదు.

ఇప్పుడు సోప్రాన్‌కి వద్దాం. 2018లో ఫైనల్ ఫోర్ సోప్రాన్‌లోనే జరిగింది. సొంత టీమ్ ఫైనల్‌కి వచ్చింది. ఊరంతా హాల్లోనే ఉంది అనుకోండి. ఎదురుగా ఎకటెరిన్‌బర్గ్. 72–53. సొంత గడ్డ మీద 19 పాయింట్ల తేడాతో ఓటమి.

2019లో ఫైనల్ ఫోర్ మళ్లీ సోప్రాన్‌లోనే. ఈసారి ఫైనల్‌లో రెండూ రష్యా టీములే, ఎకటెరిన్‌బర్గ్, కుర్స్క్. కుర్స్క్ తరఫున బ్రియానా స్టూవర్ట్ ఆడుతోంది. అంతకుముందు ఏడాదే డబ్ల్యూఎన్‌బీఏ ఎంవీపీ. షాట్ వేసి దిగుతూ బ్రిట్నీ గ్రైనర్ పాదం మీద కాలేసింది. మడమ వెనక నరం, అకిలీస్, తెగిపోయింది. ఆ ఏడాది అమెరికా సీజన్ మొత్తం పోయింది. చలికాలం ఇక్కడ, ఎండాకాలం అక్కడ అని ఏడాది పొడవునా ఆడితే శరీరం మీద ఎంత రిస్కో అందరూ ఆ రోజు మాట్లాడుకున్నారు. జీతాలు మాత్రం మారలేదు కాబట్టి, చలికాలం రాగానే విమానాలు మళ్లీ ఎక్కారు.

అలా ఎక్కినవాళ్లలో గ్రైనర్ ఒకరు. 2022 ఫిబ్రవరి 17, మాస్కో ఎయిర్‌పోర్ట్. బ్రేక్ అయిపోయి ఎకటెరిన్‌బర్గ్ టీమ్‌లో మళ్లీ చేరడానికి వస్తోంది. బ్యాగులో గంజాయి నూనె ఉన్న వేప్ కార్ట్రిడ్జులు దొరికాయి. ఒక గ్రాము కూడా లేదు. అరెస్ట్. వారం తిరగకుండానే, ఫిబ్రవరి 24న, రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలుపెట్టింది. మార్చి 1న ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా రష్యా టీములని టోర్నమెంట్ నుంచి ఆపేసింది. అమెరికన్ ప్లేయర్లు దొరికిన దారిలో బయటపడ్డారు. గ్రైనర్ మాత్రం లోపలే. ఆగస్టు 4న 9 ఏళ్ల శిక్ష. డిసెంబర్ 8న, అమెరికా జైల్లో ఉన్న ఆయుధాల వ్యాపారి విక్టర్ బౌట్‌ని ఇచ్చి ఆమెని విడిపించుకున్నారు. దాదాపు 10 నెలలు.

సో, సర్వర్ పడిపోయింది. ఇస్తాంబుల్ ఫైనల్ ఫోర్‌కి మిగిలిన నాలుగు: ఫెనర్‌బాచే, ప్రాగ్, సలమాంకా, సోప్రాన్. ఒక్క రష్యా టీమ్ లేదు.

ఇక్కడే చాలామంది అనే మాట, "ఎకటెరిన్‌బర్గ్ ఉంటే సోప్రాన్ గెలిచేదా? ఇది స్టార్ గుర్తు పెట్టాల్సిన కప్పు." దీనికి నేను ఒప్పుకోను. గెలిచేదో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ రోజు వాళ్ల ముందున్నది ఫెనర్‌బాచే. వాళ్ల ఊరు, వాళ్ల జనం. అంతకుముందు మూడు ఫైనల్స్ ఓడిపోయి, ఈసారి ఎలాగైనా కొట్టాలని ఉన్న టీమ్. అలాంటి టీమ్‌ని 55 దగ్గర ఆపారు. 60–55 అనే స్కోరు చూస్తేనే తెలుస్తుంది, డిఫెన్స్ ఆడి గెలిచిన మ్యాచ్ అది. సోప్రాన్‌లో ఆడిన గాబీ విలియమ్స్‌కి ఎంవీపీ వచ్చింది. పేరు ఎక్కడో విన్నట్టుందా? 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్‌లో ఫ్రాన్స్ తరఫున చివరి క్షణంలో షాట్ వేసిన అమ్మాయి. కాలు గీత మీద పడి మూడు పాయింట్లు కాస్తా రెండయ్యాయి. అమెరికా 67–66తో బయటపడింది. ఆమే ఈమె.

స్టార్ గుర్తు పెట్టాలంటే ఒక్క సోప్రాన్ కప్పుకే ఎందుకు? ట్రామ్ ట్రస్ట్ కప్పులకి? గూఢచారి కప్పులకి? రాగి కంపెనీ కప్పులకి? ఆడిన అమ్మాయిల చెమట అన్నిట్లోనూ నిజం. వెనకున్న డబ్బు అన్నిట్లోనూ ఎవరిదో.

ఇంకో మాట. గ్రైనర్ అరెస్ట్ అయినప్పుడు సోషల్ మీడియాలో ఎక్కువగా కనిపించిన ప్రశ్న, "అసలు రష్యా ఎందుకు వెళ్లింది?" ఈ ప్రశ్న మనకి కొత్తేం కాదు. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు అక్కడ ఇరుక్కుంటే మనవాళ్లు కూడా అడిగేది ఇదే, ఎందుకు వెళ్లాడు అని. ఇక్కడ పని దొరికితే, పనికి తగ్గ డబ్బు దొరికితే, ఎవరూ వెళ్లరు. ఆమె స్టార్, ఆమె డబ్బు లెక్క వేరు, నిజమే. కానీ బయల్దేరదీసిన కారణం ఒక్కటే. అమెరికాలో అప్పట్లో టాప్ జీతం ఏడాదికి రెండు లక్షల డాలర్ల పైచిలుకు. బయట పది లక్షలు దాటింది. అంతెందుకు, 2021లో న్యూయార్క్ టీమ్ ఓనర్లు తమ ప్లేయర్లకి చార్టర్డ్ ఫ్లైట్ పెట్టారని లీగ్ 5 లక్షల డాలర్ల ఫైన్ వేసింది! ఎకటెరిన్‌బర్గ్‌లో చార్టర్ అనేది మామూలు విషయం. మరి ఎటు వెళ్తారు?

తర్వాత కొంత మారింది. 2024 నుంచి డబ్ల్యూఎన్‌బీఏలో అందరికీ చార్టర్డ్ ఫ్లైట్లు వచ్చాయి. అదే ఏడాది నుంచి, సీనియర్ ప్లేయర్ క్యాంప్‌కి టైమ్‌కి రాకపోతే ఆ సీజన్ మొత్తం ఆడనివ్వం అనే రూల్ కూడా గట్టిగా పట్టుకున్నారు. అంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తలుపు వేశారు. ఇక స్టూవర్ట్, నఫీసా కోలియర్ కలిసి 2025 జనవరిలో మయామీలో అన్‌రైవల్డ్ అని సొంత లీగ్ మొదలుపెట్టారు. ముగ్గురు ముగ్గురు ఆడే ఆట, ప్లేయర్లకి జీతంతో పాటు వాటా కూడా. అకిలీస్ తెగిన అమ్మాయి, చలికాలంలో ఇంటి దగ్గరే ఉండే దారి తనే వేసుకుంది. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చింది ఇదే.

యూరప్‌లో? డబ్బు టర్కీ వైపు జరిగింది. 2023లో స్టూవర్ట్ ఫెనర్‌బాచేకి ఆడింది, వాళ్లు ఫైనల్ 99–60తో కొట్టారు. 2024లో మళ్లీ వాళ్లే. సోప్రాన్ ఆ తర్వాత మూడేళ్లలో ఒక్క ఫైనల్‌కి కూడా రాలేదు. ఒక్క కప్పు, అంతే. కానీ ఆ కప్పు వాళ్లదే.

"మనకేంటి బ్రో ఇదంతా" అంటారా? మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయికి సెటిల్ అవ్వడం అంటే ఏంటి? చాలామందికి రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. నేషనల్స్‌లో మహిళల టైటిల్ ఏళ్ల తరబడి రైల్వేస్ చేతిలోనే ఉండటానికి కారణం అదే, జీతం అక్కడుంది. మంచిదే, కుటుంబాలు నిలబడ్డాయి. కానీ ఇక్కడ కూడా సర్వర్ ఒక్కటే.

అందుకే ఈసారి ఏ ఆటలోనైనా ఒక టీమ్ వరసగా గెలుస్తుంటే స్కోర్‌బోర్డ్‌తో పాటు జెర్సీ మీద పేరు కూడా చూడండి. ఎవరు కడుతున్నారు, ఎందుకు కడుతున్నారు, రేపు ఆపేస్తే ఆ అమ్మాయిలు ఎక్కడికి వెళ్తారు?

మీ కాలేజీలో, మీ ఊళ్లో ఆడి, తర్వాత జీతం కోసం ఆట మానేసిన అక్కలు, చెల్లెళ్లు ఎవరైనా ఉన్నారా? పేర్లు వద్దు, ఏ ఆటో, ఎందుకు మానేశారో కామెంట్స్‌లో రాయండి. అవన్నీ చదివి దాని మీదే ఇంకో ఎపిసోడ్ చేస్తాను. వీడియో నచ్చితే మీ ఫ్రెండ్స్‌కి పంపండి. మళ్లీ కలుద్దాం. బై బై, జాగ్రత్త.