కడపటి ప్రయాణ మెవరి బాధ్యత?

(పఠనమందిర సభలో మేము చేసిన ప్రసంగము)



శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులు వెలువడు ద్వారము వేఱు, సరకులు దిగు ద్వారము వేఱు. గల్ఫు దేశములలో కన్నుమూసిన మన కార్మికుడు ఆ రెండవ ద్వారముననే యింటికి వచ్చును. ఆతని పేర ప్రయాణపు టిక్కెట్టు లేదు. సరకుల చీటి గలదు. అందు పెట్టె బరువు వ్రాయబడి యుండును. జగిత్యాల నుండియో, సిరిసిల్ల నుండియో, నిజామాబాదు నుండియో వచ్చిన తండ్రి సంతకము చేసి కుమారుని తీసికొనిపోవలయును. నేడు మేము మీతో ముచ్చటింపదలచిన విషయ మిదియే.

ప్రాణము పోయిన పిదప దేహ మెచ్చట నున్న నేమియని కొందఱందురు. తన పెద్దల విషయమున మన జాతి యట్లు తలంపలేదు. విఠల్‌భాయి పటేలు 1933 అక్టోబరు 22న జెనీవా సమీపమున మరణింపగా, ఆయన దేహమును సముద్రముమీదుగా బొంబాయికి తెచ్చి దహనము గావించిరి. 1940లో లండనులో ఉరితీయబడిన ఉధంసింగు అవశేషములు 1974లో వచ్చినవి. 1930లో జెనీవాలో మరణించిన శ్యామ్‌జీ కృష్ణవర్మ అస్థికలు 73 సంవత్సరములు వేచి, 2003లో స్వదేశము చేరినవి. ఇవి జాతి చేసిన మంచిపనులు.

అయితే 1860 మొదలు నేటాలు చెఱకుతోటలకును, పిదప రంగూను రేవునకును పోయిన తెలుగు కూలీలు అనేకులు పడినచోటనే మన్నైరి. ఆనాడు మనకు రాజ్యము లేదు. నేడు రాజ్యము మనది. రాయబార కార్యాలయములు మనవి. దుబాయినుండి విమానము నాలుగు గంటలలో వచ్చును. అయినను శవము మాత్రము వారములకొలదిగా, ఒక్కొక్కప్పుడు నెలలకొలదిగా శీతలపుగదిలో నుండిపోవుచున్నది. కారణమేమి?

దూరము కాదు, కాగితములు. మరణమునకు వైద్యుని ధ్రువపత్రము కావలయును. ప్రమాదమో, ఆత్మహత్యయో, అనుమానమో యున్నచో పోలీసుల విచారణ ముగియవలయును. కుటుంబమువారు సమ్మతిపత్రము పంపవలయును. యజమాని లెక్కలు తేల్చి, ఖర్చున కొప్పుకొనవలయును. మన రాయబార కార్యాలయము పాస్‌పోర్టును రద్దుచేసి, అభ్యంతరము లేదని వ్రాసి యీయవలయును. దేహము చెడకుండ మందు పట్టించి, దానికి వేఱొక పత్రము పొందవలయును. ఇందులో నేది లోపించినను పెట్టె కదలదు. యజమాని మంచివాడైనచో పని త్వరగా జరుగును. వాడు మొగము చాటువేసినచో, పరభాష రాని తల్లి యెవరి నడుగును?

యజమానిని విడిచి వేఱుచోట పనిచేయు వారిని మనవారు ‘ఖల్లివల్లి’ యందురు. వారి దుస్థితి మఱింత ఘోరము. బ్రదికియుండగా వారికి చట్టము లేదు. చనిపోయిన పిదప బాధ్యుడు లేడు. ఇట్టి నిరుపేదల కొఱకు కేంద్రప్రభుత్వము 2009లో భారతీయ సమాజ సంక్షేమనిధిని స్థాపించినది. దేహమును పంపు ఖర్చు దానినుండి యీయవచ్చును. కాని యది కుటుంబముయొక్క పేదరికమును విచారించి చేయు సహాయము. అడిగి పుచ్చుకొను హక్కు కాదు.

భీమా సంగతియు నిట్టిదే. 2003లో ఆరంభమైన ప్రవాసీ భారతీయ బీమా యోజన యందు, 2017 సవరణ ననుసరించి, ప్రమాదమరణమునకు 10 లక్షల రూపాయలు వచ్చును. నిద్రలో గుండె యాగి పోయినవానికి ఆ సొమ్ము రాదు. విజిట్ వీసాపై పోయి పనిలో చేరినవానికి సాధారణముగా ఆ బీమాయే యుండదు. తెలంగాణ ప్రభుత్వము 2024లో, గల్ఫున మరణించిన కార్మికుని కుటుంబమునకు 5 లక్షల రూపాయల సహాయము నేర్పరచినది. దీనిని మేము హర్షించుచున్నాము. కాని సొమ్ము వేఱు, దేహము వేఱు. ఒకటి యిచ్చితిమని రెండవదానిని మఱువరాదు.

ఫిలిప్పీను దీవులును మనవలెనే బిడ్డలను పరదేశములకు పంపుచున్నవి. అచ్చటి ప్రభుత్వము 1995లో నొక చట్టము చేసినది. దాని ప్రకారము, చనిపోయిన కార్మికుని దేహమును, అతని సామగ్రిని స్వదేశమునకు చేర్చు బాధ్యతయు, ఖర్చును ప్రధానముగా వానిని పనికి కుదిర్చిన సంస్థవియు, యజమానివియు. పంపునాడు రుసుము పుచ్చుకొన్న చేయియే తెచ్చునాడును ముందునకు రావలయును. ఇందులో అన్యాయమేమున్నది? ఇట్టి బాధ్యతను మన చట్టమునను నిస్సందేహముగా వ్రాయవలయునని మేము కోరుచున్నాము. మొదట రాజ్యము ఖర్చుపెట్టి దేహమును తెచ్చి, పిదప ఏజెంటువద్ద రాబట్టుకొనవలయును. ఆ తగవు తీరువఱకు తల్లిని వేచియుండుమనుట ధర్మము కాదు. అచ్చటనే ఖననమున కంగీకరించు కుటుంబములును గలవు. అది వారి యిష్టము కావలయును గాని, గత్యంతరము లేమి కారాదు.

చట్టము వచ్చువఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నవసరము లేదు. సోదరులారా! మీరు చదువుకొన్నవారు. మీ వీధినుండి యెవడైన గల్ఫునకు బయలుదేరునప్పుడు, వాని పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము, బీమాపత్రము — వీని నకళ్ళు ఇంటనుంచునట్లు చూడుడు. యజమాని పేరును, ఏజెంటు పేరును, తోడి కార్మికుని ఫోను సంఖ్యయు వ్రాయించుడు. బీమాకు వారసుని పేరు సరిగా నున్నదా యని చదివి చెప్పుడు. దుర్వార్త వచ్చిననాడు ఆ యింటివారికి సమ్మతిపత్రము వ్రాసిపెట్టుడు. బాకీ జీతము వదలుకొన్నట్లు వ్రాసిన కాగితముపై, చదువకుండ వ్రేలిముద్ర వేయనీయకుడు. ఈ పఠనమందిరమున నొక బల్ల, వారమున కొక సాయంకాలము దీనికి చాలును.

వాడు పంపిన సొమ్ముతో నిల్లు లేచినది, చెల్లెలి పెండ్లి జరిగినది, ఊరి యప్పు తీరినది. వాని చేతుల కష్టమును మనము స్వీకరించితిమి. వాని దేహమును స్వీకరించుటకు మాత్రము దయాదాక్షిణ్యముల మాట యేల? అది ఋణము. ఋణము తీర్చుట ధర్మము కాదు, విధి.