సైకిలు చట్రము, పండ్లచక్రములు



ఒకే గేరుగల నల్లని బరువు సైకిలుపై సంతకు పోయి వచ్చినవారు మీలో ననేకు లుందురు. నేడు మన పిల్లలు వంపు హాండిలుగల రోడ్డు సైకిలును కోరుచున్నారు. మొన్న మా మేనల్లుడు వచ్చి, "మామయ్యా, చట్రము ఉక్కుదా, అల్యూమినియముదా, కార్బనుదా, ఏది కొనవలెను?" అని యడిగెను. "ముందు పండ్లు లెక్కపెట్టుమురా" అంటిని.

అట్లనుటకు కారణ మున్నది. నాలుగేండ్ల క్రిందట నేను చట్రము తేలిక యని మురిసి యొక సైకిలు కొంటిని. శృంగవరపుకోట దాటి అరకు కనుమదారి పట్టగనే మోకాళ్లు మొరపెట్టినవి. మలుపు మలుపునకు దిగి బండిని నడిపించుకొని పోతిని. పిదప నెల దినములు మేడమెట్లు ఎక్కలేకపోతిని.

లెక్క సులభము. ముందరి చక్రపు పండ్లను వెనుకచక్రపు పండ్లచే భాగింపుడు. నా బండికి మిక్కిలి తేలికైన గేరు ముందు 39, వెనుక 25. పెడలు ఒకమారు తిరిగిన, బండి 3 మీటర్లకు పైగా పోవలెను. ముందు 34, వెనుక 34 అయిన, సుమారు 2 మీటర్లే. కాలిపై పడు భారము మూడవవంతునకు పైగా తగ్గును. చట్రములో కిలో తగ్గిననో, మనిషి, బండి కలిపిన 80 కిలోలలో 80వ వంతే గదా! ఫ్రాన్సు దేశపు మహాపందెములో పేరొందిన జట్లవారికి గేరు మార్చు సాధనమును 1937 లో గాని అనుమతింపలేదు. అంతవరకు వారు కొండ మొదట దిగి, వెనుకచక్రమును విప్పి త్రిప్పి బిగించుకొనెడివారు.

ఇక చట్రము. అల్యూమినియము బరువు ఉక్కులో మూడవవంతు. వంగక నిలుచు శక్తియు అంతే. అందుచేతనే గొట్టములు లావుగా చేయుదురు. కార్బను అన్నిటికంటె తేలిక. కాని దెబ్బ తగిలిన, బీట లోపల దాగి పైకి కనబడకపోవచ్చును. పల్లెలో దానిని పరీక్షింపగలవా రెవరు? ఉక్కు కొంత బరువు, సముద్రపు గాలికి త్రుప్పు పట్టును. గొట్టముల లోపల నూనె పూయవలెను. అయినను విరిగినచో నేర్పరి అతుకగలడు. మంచి ఉక్కు గొట్టములు పలుచన గనుక, ఎవరికిబడితే వారికి అప్పగింపరాదు.

మేనల్లుడు ఉక్కు చట్రము, 34కు 34 పండ్లు గల బండినే కొనెను. నేనును నా బండికి పండ్లచక్రములు మార్పించితిని. వచ్చు కార్తికమున నిద్దరమును ఆ కనుమ నెక్కబూనితిమి. నేను దారిలో దిగినచో, అనంతగిరిలో వానికి కాఫీ నేనే యిప్పింపవలెనని పందెము.