కాగితపు సంత, కంప్యూటరు సంత



ఇండూరులోగాని, చుట్టుపక్కల ఏ పల్లెలోగాని సాయంత్రంపూట అరుగు మీద కూర్చున్న కుర్రవాణ్ణి చూడండి. చేతిలో ఫోను ఉంటుంది. ఏదో ఆట ఆడుతున్నాడని మనం అనుకుంటాం. ఒక్కొక్కసారి వాడు షేర్లు కొంటూ ఉంటాడు. కంగారుపడకండి, ఆ డబ్బు నిజమైనది కాదు. ఆట మొదలుపెట్టగానే వాడి పేర ఒక లక్ష ఉత్తుత్తి రూపాయలు పడ్డాయి. వాటితో కొంటాడు, అమ్ముతాడు, లాభం వస్తే ఎగిరి గంతేస్తాడు. ఈ ఆట వాడికి ఏం నేర్పుతుంది, ఏం నేర్పదు అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1948లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఛాంబర్లిన్ అనే ఆచార్యుడు తన విద్యార్థుల చేత తరగతి గదిలో ఉత్తుత్తి బేరాలాడించిన వివరాలను ప్రకటించారు. ఆయన దగ్గర చదివి, అటువంటి ఆటలో పాల్గొన్న వెర్నన్ స్మిత్ తరువాత తానే పంతులై, 1956 నుంచి ఆ ఆటను సరిదిద్ది ఆడించారు. చాటుమాటు బేరాలు కాకుండా అందరూ వినేట్టు ధర పలకాలి, అదే సంతను మళ్లీ మళ్లీ నడపాలి. ఆయన చేసిన మార్పు ఇంతే. ఇటువంటి ప్రయోగాలకే 2002లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ ఆటను మన పాలక్కోడు టమాటాలతో ఆడి చూద్దాం. పదిమంది పిల్లలు, పది చీటీలు. అయిదుగురు రైతులు. వారి చీటీల మీద కిలోకు అయిన ఖర్చు 8, 10, 12, 14, 16 రూపాయలని రాయండి. అంతకు తక్కువకు అమ్మకూడదు. తక్కిన అయిదుగురు కొనేవారు. వారు ఇవ్వగల గరిష్ఠ ధర 20, 18, 16, 14, 12. ఎవరి చీటీ వారే చూసుకోవాలి. ఇక కేకలు వేయమనండి. మొదటి దఫా గందరగోళంగానే ఉంటుంది. మూడు నాలుగు దఫాలయ్యేసరికి బేరాలు 14 రూపాయల దగ్గరకు వచ్చి చేరతాయి. ఆ ధర ఎవరూ నిర్ణయించలేదు. 16 ఖర్చయిన రైతు సరుకు మిగిలిపోతుంది. 12కు మించి ఇవ్వలేనివాడు ఉత్త సంచితో ఇంటికి పోతాడు.

ఇప్పుడు వాన బాగా పడి పంట విరగకాసిందనుకోండి. ప్రతి రైతుకూ అదే ఖర్చుతో రెండేసి చీటీలివ్వండి. ధర 12కు జారుతుంది. రైతు పాత్ర వేసిన పిల్లవాడు ‘నన్నెవరో మోసం చేశారు’ అంటాడు. చీటీలన్నీ బల్ల మీద పరిచి చూపించండి. మోసం లేకుండానే ధర పడిందని వాడు కళ్లారా చూస్తాడు. మండీలో మోసాలు జరగవని నేననడం లేదు. ఏది మోసమో, ఏది సరుకు ఎక్కువై పడిన ధరో విడదీసి చూడడం రావాలి గదా!

ఇదే ఆటను వర్జీనియా విశ్వవిద్యాలయపు ఆచార్యులు చార్లెస్ హోల్ట్ ‘వీకన్‌ల్యాబ్’ అనే పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టారు. కంప్యూటర్లున్న బడిలో దాన్ని ఆడించవచ్చు. లేనిచోట చీటీలు చాలు.

మన పిల్లలకు భాషతో కూడా ఒక చిక్కుంది. బడిలో ‘పొరుళియల్’ అని తమిళంలో చదువుతారు. ఇంట్లో అర్థశాస్త్రమన్న మాటే వినబడదు. అక్కడ ‘పంగు’ అంటే ఇక్కడ వాటా. అక్కడ ‘వట్టి’ అంటే వడ్డీ, మనకేమో వట్టి అంటే ఖాళీ. అప్పు చేసినవాడికి రెండూ ఒకటే లెండి!

ఇక షేర్ల ఆట సంగతి. అమెరికా బడులలో 1977 నుంచి ‘స్టాక్ మార్కెట్ గేమ్’ అనేది నడుస్తున్నది. పిల్లలు జట్లు కట్టి లక్ష ఉత్తుత్తి డాలర్లతో ఆడతారు. కంపెనీ అంటే ఏమిటి, వార్తలకూ ధరలకూ సంబంధమేమిటి అన్నవి ఇందులో బాగానే పట్టుబడతాయి. నాకు నచ్చనిది పోటీ పెట్టి బహుమతివ్వడం. ఆరు వారాలలో మొదటి స్థానం కావాలంటే నాలుగు రకాల షేర్లు జాగ్రత్తగా కొన్న పిల్లకు రాదు. ఉన్నదంతా ఒకేచోట ఒడ్డి, అదృష్టం కలిసివచ్చినవాడికే వస్తుంది. చప్పట్లు కొట్టి మనం వాడికి జూదం నేర్పినట్టయింది.

పైగా ఆటలో భయముండదు. పది వేలు అయిదు వేలయితే, మళ్లీ పది వేలు కావడానికి ఉన్నది రెట్టింపు కావాలి. సగం నష్టం పూడడానికి నూటికి నూరు లాభం రావాలన్నమాట. ఉత్తుత్తి డబ్బయితే ఆట కొత్తగా మొదలుపెడతారు. అమ్మ చీటీ పాడి తెచ్చిన డబ్బుకు ఆ వీలు లేదు. సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ప్రకటించిన లెక్క వినండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. ఫోను ఆటలో గెలిచిన కుర్రవాడు తరువాత అడుగుపెట్టేది చాలాసార్లు అక్కడికే.

అదే ఏడాది నవంబరులో సెబీ మరో హెచ్చరిక చేసింది. షేర్ల ధరల మీద ఉత్తుత్తి వ్యాపారం, పందేలు నడిపే ఆప్‌లు చట్టానికి విరుద్ధమనీ, వాటిలో చేరినవారికి ఫిర్యాదు చేసుకునే రక్షణ ఉండదనీ చెప్పింది. కనుక మీ పిల్లవాడు ఆడే ఆటలో ప్రవేశ రుసుముందా, నగదు బహుమతి ఉందా అని అడగండి. రెంటిలో ఏది ఉన్నా ఆపించండి.

పంతుళ్లు పాత ధరలతో ఆడించవచ్చు. 2008 జనవరిలో 21 వేలకు చేరిన సెన్సెక్స్ 2009 మార్చికి 8 వేల చిల్లరకు దిగింది. 2010 నవంబరులో మళ్లీ 21 వేలను తాకింది. ఏ సంవత్సరమో చెప్పకుండా నెలకొక అంకె నల్లబల్ల మీద రాయండి. ప్రతి నెలా కొంటావా, అమ్ముతావా, ఊరుకుంటావా అని అడగండి. కారణం ముందుగానే నోటుపుస్తకంలో రాయించండి, ఎందుకంటే ధర తెలిసిన తరువాత అందరూ ‘నేను ముందే అనుకున్నాను’ అంటారు. అట్టడుగున అమ్మేసినవారు ఎందరో, ఆ నెలలో ఏ కారణం రాశారో చివర్న అందరి ముందూ చదివించండి.

చీటీల ఆటకు ఒక పీరియడు, ఈ ఆటకు రెండు పీరియడ్లు పడతాయి.